యారాడ దిగుడులో పట్టని బ్రేకు

వరహాలు నన్ను బావా అని పిలుస్తాడు. పరిచయమైన రెండో వారానికే మొదలుపెట్టాడు. మాది కృష్ణా జిల్లా. మా వైపు ఒక మగవాడు ఇంకొకణ్ణి బావా అనాలంటే మధ్యలో ఒక పెళ్ళయినా జరిగి ఉండాలి, లేదా జరిగే ప్రమాదమైనా ఉండాలి. స్టీలు ప్లాంటులో ముప్పై మూడేళ్ళు పనిచేసి, పెద్ద ఆఫీసరుగా దిగిపోయిన శ్రీరామ్మూర్తిని పట్టుకుని సైకిలు మెకానిక్కు బావా అంటే మొదట్లో నాకు ఒళ్ళు మండింది. ఇప్పుడు ఎప్పుడైనా మర్చిపోయి 'సార్' అన్నాడంటే, నేనేం తప్పు చేశానా అని ఆలోచించుకుంటాను.

అతని షాపు పెదవాల్తేరులో, బీచ్ రోడ్డు వైపు దిగే ఒక సందులో ఉంది. బోర్డు మీద 'సైకిల్' అన్న మాటొక్కటే మిగిలింది. దాని ముందు ఏ పేరుండేదో ఉప్పుగాలి తినేసింది. ఆ రేకుల షెడ్డు చూసి లోపల ఏముంటుందిలే అనుకుంటే పొరపాటే. ఊళ్ళో ఉన్న ఖరీదైన సైకిళ్ళన్నీ ఏదో ఒక రోజు ఆ గోడ కొక్కేలకి వేలాడినవే. రెండు వేళ్ళతో ఎత్తగలిగే కార్బన్ ఫ్రేములు, ఇరవై రెండు గేర్లు, వైర్లన్నీ గొట్టాల్లోపలే దాక్కున్న కొత్త రకాలు, అన్నీ అక్కడికే వచ్చేవి.

నేను అక్కడికి చేరిన కథ చెప్పుకుంటే నవ్వులాట. రిటైరయ్యాక డాక్టరు నడవమన్నాడు. నడక ముసలివాళ్ళ పని అనిపించి సైకిలు కొన్నాను. ధర ఎంతో మా ఆవిడకి ఈ రోజుకీ సగమే తెలుసు. కొన్నాక తెలిసింది, సైకిలుతో ఖర్చు మొదలవుతుందే తప్ప అయిపోదని. దానికి బూట్లు వేరు, అవి పెడల్‌కి అతుక్కుంటాయి. నిక్కరు వేరు, దాని లోపల చిన్న దిండు కుట్టి ఉంటుంది. అన్నీ తగిలించుకుని మొదటి ఆదివారం బయల్దేరితే సిరిపురం జంక్షన్‌లో సిగ్నల్ పడింది. బూటు పెడల్ నుంచి ఊడలేదు. నిలబడ్డ సైకిలుతో సహా పక్కకి ఒరిగిపోయాను. ఆటోవాళ్ళు దిగి మరీ నవ్వారు. సైకిలు నడిపించుకుంటూ వెళ్ళి వరహాలుకి చూపిస్తే అతను నవ్వలేదు. పెడల్ పక్కనున్న చిన్న మర రెండు చుట్లు వదులు చేసి, మడమ పక్కకి తిప్పితే ఊడొస్తుందని చూపించాడు. ఆ రోజు నుంచి అతని షాపులో ప్లాస్టిక్ స్టూలు నాది.

ఆ స్టూలు మీద కూర్చునే అతని కథంతా విన్నాను. వరహాలు పెదజాలారిపేటలో పుట్టాడు. తాత, తండ్రి, అన్నలు అందరూ చేపల వేట మీద బతికినవాళ్ళే. ఇతనికి మాత్రం సముద్రం పడలేదు. తెప్ప ఎక్కి మొదటి కెరటం దాటగానే వాంతులు. ఏడాది పాటు తండ్రి రోజూ ఎక్కించాడు, రోజూ తిట్టాడు. చివరికి విసిగిపోయి, పదమూడో ఏట అద్దె సైకిళ్ళ షాపులో అప్పజెప్పాడు.

"పేటలో అందరూ నవ్వీవోళ్ళు బావా. జాలరోడి కొడుకువి, సముద్రం సూత్తే కక్కుకుంతావేటిరా అని. నానేటి సేత్తాను? నా కడుపు నా మాట ఇనదు."

అవి ఊరంతా సైకిళ్ళ మీద నడిచిన రోజులు. పోర్టుకి, షిప్‌యార్డుకి, కొత్తగా లేస్తున్న స్టీలు ప్లాంటుకి జనం క్యారేజీలు తగిలించుకుని తొక్కుకుంటూ పోయేవారు. తర్వాత స్కూటర్లొచ్చాయి, మోటారు సైకిళ్ళొచ్చాయి, సైకిలు షాపులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఓనరు తాళాలు వరహాలు చేతిలో పెట్టి ఊరెళ్ళిపోయాడు. ఆ పైన చాలా ఏళ్ళు పంచర్లు వేసుకుంటూ బతికాడు. నిజానికి ఇల్లు నడిపింది అతని భార్య సీతాలు. పొద్దున్నే రేవుకెళ్ళి వేలంలో చేపలు పాడుకుని, పెదవాల్తేరు మార్కెట్టులో అమ్మేది. ఇప్పటికీ అమ్ముతోంది.

గేరు సైకిళ్ళ మోజు ఊళ్ళోకి వచ్చిన కొత్తల్లో ఒక నేవీ ఆఫీసరు తన సైకిలు తెచ్చాడు. ఎవరూ ముట్టుకోవడానికి ధైర్యం చెయ్యలేదట. వరహాలు రెండు రోజులు గడువడిగాడు. ఒక్కో ముక్కా విప్పి, విప్పిన వరసలోనే న్యూస్ పేపరు మీద పేర్చుకుంటూ పోయాడు. మళ్ళీ అదే వరసలో వెనక్కి బిగించాడు. చదువు మూడో తరగతి. తర్వాత్తర్వాత ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నాడు, అదీ సౌండు తీసేసి. "ఆడి మాటలు నాకు అర్థమవ్వవు గదా బావా. ఆడి సేతులు సూత్తే సాలు" అన్నాడు.

చక్రం బెండు తీసేటప్పుడు అతన్ని చూడాలి. గోరుతో ఒక్కో స్పోకు మీటి, చెవి దగ్గర పెట్టుకుని వింటాడు. వదులైంది ఏదో దాని మోతే చెబుతుందంటాడు. చైను వేళ్ళ మధ్య నలిపి, "మల్కాపురం మీంచి వచ్చేవా? బొగ్గు దుమ్ముంది" అంటాడు. బీచ్ రోడ్డు మీద తిరిగొచ్చి సైకిలుని మంచినీళ్ళతో కడగనివాడి సైకిలు మాత్రం లోపలికి రానివ్వడు. ఎంత పెద్ద ఆఫీసరైనా సరే, వీధి కుళాయి దగ్గరికి పంపి కడిగించేవాడు. నేనూ కడిగాను.

ఆశాజ్యోతి మా ఆదివారం గుంపులో అందరికన్నా చిన్నది. ఇరవై ఎనిమిదేళ్ళు ఉంటాయి. రుషికొండలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఎంవీపీ కాలనీలో అమ్మానాన్నలతో ఉంటుంది. తండ్రి మోహనకృష్ణ గోదావరి జిల్లా నుంచి వచ్చి పోర్టులో స్థిరపడ్డవాడు. ఆడపిల్ల ఒంటరిగా లారీల రోడ్ల మీద సైకిలేమిటని ఆయన గోల. అయినా వినకుండా డిసెంబర్‌లో మూడు వందల కిలోమీటర్ల రైడుకి పేరిచ్చింది. ఇరవై గంటల్లో పూర్తి చెయ్యాలి. అది ఒక్కటీ పూర్తి చేస్తే ఇక అడ్డు చెప్పనని తండ్రి చేత ఒప్పించుకుంది. అందుకని కొత్త సైకిలు కొంది. మా సైకిళ్ళకి బ్రేకంటే చక్రం అంచుని పట్టుకునే రబ్బరు ముక్కలు. ఆమెదానికి చక్రం మధ్యలో పల్చటి స్టీలు పళ్ళెం ఉంటుంది, దాన్ని రెండు ప్యాడ్లు చెరో పక్క నుంచీ నొక్కుతాయి. డిస్కు బ్రేకంటారు.

మొన్న దసరాకి ముందు ఆమె ఆ సైకిలుని సర్వీసుకిచ్చింది. ఆయుధ పూజ రోజున వరహాలు పానా కూడా ముట్టుకోడు. పనిముట్లన్నీ కడిగి చెక్క మీద పేరుస్తాడు. మిగతా పూజంతా సీతాలుది. మార్కెట్టు నుంచి వచ్చి, తలంటుకుని, కొత్త చీర కట్టుకుని, పానాలకి, పంపులకి, షాపులో ఎవరి సైకిలుంటే దానికి పసుపు రాసి బొట్లు పెడుతుంది. చక్రాల కింద నిమ్మకాయలు, హ్యాండిల్‌కి బంతిపూలు. పరాయివాళ్ళ సైకిళ్ళని కూడా తన బిడ్డలకి చేసినట్టే చేస్తుంది. ఆ రోజు నేనూ అక్కడే స్టూలు మీద కూర్చుని శనగలు నములుతున్నాను. మర్నాడు పొద్దున్న ఆశాజ్యోతి వస్తే వరహాలు గుడ్డతో పసుపు మరకలన్నీ తుడిచి సైకిలిచ్చాడు.

ఆ ఆదివారం ఆశాజ్యోతీ నేనూ యారాడ వెళ్ళాం. కొండెక్కి అవతలికి దిగితే సముద్రం. ఎక్కడం కష్టం, దిగడం భయం. కొండ మీద ఆగి నీళ్ళు తాగుతుంటే ఆశాజ్యోతి బ్రేకు నొక్కి చూసుకుని, "అంకుల్, ఎందుకో మెత్తగా ఉంది. కూత కూడా వస్తోంది" అంది. నాకు తెలియని విషయం లేదు కదా. ఎక్కడో చదివాను. "సర్వీసయ్యాక అలాగే ఉంటుందమ్మా, నాలుగు సార్లు నొక్కితే సర్దుకుంటుంది, పద" అన్నాను.

రెండో మలుపులో ఆమె తిరగలేదు. తిన్నగా వెళ్ళి పిట్టగోడకి కొట్టుకుంది. భుజం ఎముక విరిగింది, మోచెయ్యి, తొడ గీరుకుపోయాయి. గోడ అవతల ఏముందో నేను తర్వాత చూశాను, ఇక్కడ రాయను.

ఆస్పత్రిలో ఆమె అన్నది ఒకే మాట. "బ్రేకు పట్టాననే అనుకున్నాను అంకుల్." నేను మంచం పక్కన కూర్చుని, దిగుడులో బ్రేకు ఎలా వెయ్యాలో పావుగంట పాఠం చెప్పాను. మలుపుకి ముందే వెయ్యాలని, భయపడితే వేళ్ళు వాటంతటవే వదిలేస్తాయని, అనుభవం మీద వస్తుందని. మెత్తగా ఉందని ఆమె నాతో చెప్పిన సంగతి నాకు గుర్తులేక కాదు. గుర్తుంది కాబట్టే అంత సేపు మాట్లాడాను. మా గుంపులో కూడా అందరూ అదే అనుకున్నారు, అమ్మాయి బెదిరి బ్రేకు వదిలేసిందని. పాపం, ఆమె కూడా నమ్మేసింది.

మూడు వారాలకి మోహనకృష్ణ ఆ సైకిలుని ఆటోలో వేసి వరహాలు షాపుకి పంపాడు. అమ్మెయ్యమన్నాడు. నేను ఆశాజ్యోతికి ఫోన్ చేస్తే, "నా వల్ల కాదంకుల్. నా చేతుల మీద నాకే నమ్మకం పోయింది" అంది. డిసెంబర్ రైడులో ఆమె పేరు తీసేశారు.

ఆ సాయంత్రం వరహాలు నాకు ఫోన్ చేశాడు. "బావా, ఓపాలి రా" అన్నాడు, అంతే. వెళ్ళేసరికి ముందు చక్రం విప్పి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. డిస్కుకి వేడి పోవడానికి చిన్న చిన్న చిల్లులుంటాయి. ఆ చిల్లుల్లోంచి గుండుసూదితో ఏదో తీసి కాగితం మీద రాల్చాడు. పసుపు.

"సీతాలు నీళ్ళతో కలపదు బావా. ఇనుముకి నిలవదని నువ్వుల నూనెతో కలుపుతది" అన్నాడు.

డిస్కుకి నూనె తగిలితే అది ప్యాడ్లలోకి ఇంకిపోతుంది. చదును రోడ్డు మీద తేడా పెద్దగా తెలియదు. కొండ దిగుడులో మాత్రం ఎంత నొక్కినా పట్టదు. పండగ నాడు షాపులో ఉన్న ఐదు సైకిళ్ళలో డిస్కు ఉన్నది ఆమెదొక్కటే. మిగతావాటికి ఎంత పసుపు రాసినా నష్టం లేదు. ఇన్నేళ్ళూ లేదు. వరహాలు మర్నాడు పైపైన గుడ్డతో తుడిచాడు, దాంతో నూనె పళ్ళెమంతా పట్టింది.

నేను తలుపు వైపు చూశాను. ఎవరూ లేరు. "ఎవరికి తెలుసు ఇది?" అన్నాను.

"నీకూ నాకూ."

"ప్యాడ్లు మార్చేసి అమ్మెయ్. ఆ పిల్ల ఎలాగూ మానేసింది. ఎముక అతుక్కుంటోంది. ఇప్పుడు చెబితే నీ షాపు మూసుకోవాలి వరహాలూ. ప్రాణం మీద భయం పుడితే ఒక్కడు రాడు."

పైకి అతని మంచి కోసమే చెబుతున్నట్టు చెప్పాను. లోపల నాది నాకుంది. బ్రేకు సంగతి బయటికొస్తే, కొండ మీద ఆమె నాతో ఏమందో కూడా బయటికొస్తుంది. వరహాలు నాకేసి చాలాసేపు చూశాడు. పసుపు రాలిన కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

రెండు రోజులు షాపు తెరవలేదు. మూడో రోజు పొద్దున్న మా ఇంటికొచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

"నిద్ర పట్టట్లేదు బావా. ఆ గుంట తన సేతులే తప్పనుకుంతంది. సేతుల మీద నమ్మకం పోతే మనిషికేటి మిగులుద్ది? ఆళ్ళ ఇల్లు నీకు తెలుసు. తీసుకెళ్ళు."

తీసుకెళ్ళాను. తలుపు తీసింది ఆశాజ్యోతే, చెయ్యి మెడకి కట్టుకుని ఉంది. మోహనకృష్ణ పేపరు చదువుతున్నాడు. వరహాలు కూర్చోమన్నా కూర్చోలేదు.

"పాపా, ఆ రోజు నీ సెయ్యి తప్పు కాదు. బ్రేకుకి నూనె తగిలింది. నా షాపులోనే తగిలింది. దసరా పూజకి నానే పసుపు రాసీసేను, నానే తుడిసీసేను. పోయిందనుకున్నాను, పోలేదు."

నేను చప్పున అతనికేసి తిరిగాను. రాసింది సీతాలు. అతను నాకేసి చూడలేదు.

మోహనకృష్ణ లేచాడు. "పిల్ల గోడ దాటి పడుంటే? అప్పుడూ ఇలాగే ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చేవాడివా?"

"అప్పుడు నాను బతికీవోణ్ణి కాదు బాబూ."

ఆశాజ్యోతి ఆ మాటలేవీ వినలేదు. ఆమెకి కావలసింది ఒక్కటే. "నేను బ్రేకు వదిలెయ్యలేదని మీకెలా తెలుసు? వదిలేశాననే కదా అందరూ అన్నారు" అంది. 'అందరూ' అన్న మాట దగ్గర ఆమె చూపు నా మీద పడలేదు. పడితే బాగుండేది.

వరహాలు జేబులోంచి కాగితం తీశాడు. అందులో పసుపుతో పాటు ఆ బ్రేకు ప్యాడ్లు రెండున్నాయి. "సూడమ్మా. గాజులాగా అయిపోయింది గదా. బ్రేకు వదిలేత్తే ఇలాగవ్వదు. మాడిపోయేలాగా పట్టేవు. మొదటి మలుపు కాడ్నుంచి గోడ దాకా వదల్లేదు నువ్వు. ఎంత గట్టిగా పట్టేవో ఇదే సెప్తంది."

ఆమె బాగున్న చేత్తో ఆ ప్యాడు తీసుకుని చూసింది. ఏడుపొచ్చేసింది. ఇన్నాళ్ళూ పళ్ళ బిగువున ఆపుకున్నదంతా ఒక్కసారి వచ్చేసింది. కళ్ళు తుడుచుకుని తలెత్తాక చూస్తే మొహంలో కోపం. "ఇన్ని వారాలు నన్ను నేనే తిట్టుకున్నాను. పిరికిదాన్ననుకున్నాను. దయచేసి వెళ్ళిపోండి" అంది. వెళ్ళిపోయాం. మర్నాడే వాళ్ళ నాన్న వచ్చి సైకిలు పట్టుకుపోయాడు, వేరే షాపులో చూపించుకుంటామని.

మెట్లు దిగుతుండగా అడిగాను, నువ్వు రాశానని ఎందుకు చెప్పావని. "షాపు నాది గదా. డిస్కు గురించి తెలిసినోణ్ణి నాను. అది పూజ సేసింది, తప్పెక్కడుంది?" అన్నాడు. సీతాలుకి ఈ సంగతి తెలియనివ్వొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. ఆ సాయంత్రమే మా గుంపు వాట్సాప్‌లో జరిగింది రాయమన్నాడు. ఎవరి సైకిలుకైనా ఇలా అయి ఉంటే చూసుకోవాలి కదా అని. నాలుగు లైన్లు రాశాను. వరహాలు చేసిన తప్పు రాశాను. నా సంగతి రాయలేదు. చోటు చాలక కాదు.

ఆ వారంలో కొక్కేలు ఖాళీ అయ్యాయి. ఎవరూ దెబ్బలాడలేదు. అందరూ చదువుకున్నవాళ్ళు, మర్యాదస్తులు. ఒకడు అన్నయ్యకి ఇస్తున్నానన్నాడు, ఒకడు ఊరెళ్తున్నానన్నాడు. ఇచ్చే ముందు వరహాలు ప్రతి సైకిలు చైనూ తుడిచి ఇచ్చాడు. అవే సైకిళ్ళని తర్వాతి ఆదివారం రుషికొండ రోడ్డులో కొత్తగా తెరిచిన అద్దాల షోరూము ముందు చూశాను. వరహాలు మళ్ళీ స్కూలు పిల్లల పంచర్లకి దిగాడు. నేను రోజూ వెళ్ళి స్టూలు మీద కూర్చునేవాణ్ణి. నన్ను సార్ అనలేదు. బావా అనే అన్నాడు. అదే భరించలేకపోయాను.

డిసెంబర్ నెల మధ్యలో ఒక మధ్యాహ్నం సీతాలు మా ఇంటికొచ్చింది. ఖాళీ చేపల గంప గుమ్మం బయట పెట్టి, లోపలికి రాకుండానే మొదలుపెట్టింది. భర్త నన్ను బావా అంటాడు కాబట్టి ఆమెకి నేను అన్నని.

"అన్నా, మా ఆయన పసుపు రాసేడని సెప్పేడంట గదా. నా కాడ సేపలు కొనీ ఆయమ్మ సెప్పింది. మీ ఆయన చేసిన పనికి పాపం ఆ పిల్ల భుజం ఇరిగింది అని. ఆయనేటి రాసేడు? పూజ సామాన్లు ఏ పొద్దయినా ముట్టేడా? రాసింది నాను."

"సీతాలూ, అది అయిపోయింది..."

"నీకేటి అయిపోయింది? ఆయన నెల పైనుంచీ తిండి సరిగా తినట్లేదు. ఒంట్లో బాగోలేదంతాడు. నానేమో మిరియాల సారు కాసి పోత్తన్నాను. నన్నా పాప కాడికి తీసుకెళ్ళు."

ఒట్టు గుర్తొచ్చింది. దాన్ని పక్కన పెట్టాను. నేను పాటించని మర్యాదలు అప్పటికే చాలా ఉన్నాయి, ఇదొకటి కలిస్తే కలవనీ అనుకున్నాను. ఆటో ఎక్కాం. దారిలో ఆమె చెంగు చివర చేపల వాసన వస్తోందేమోనని ఒకటి రెండు సార్లు వాసన చూసుకుంది.

ఆశాజ్యోతి ఒక్కతే ఉంది. చేతి కట్టు విప్పేశారు. బాల్కనీలో సైకిలుంది, దుమ్ము పట్టి. కొత్త ప్యాడ్లు, కొత్త డిస్కులు వేయించారు కానీ ఎక్కలేదట. మాడిన పాత ప్యాడు మాత్రం టీవీ పక్కన పెట్టుకుంది.

సీతాలు గడప దగ్గరే నిలబడి చెప్పేసింది. "పాపా, ఆ పసుపు మా ఆయన రాయలేదు. నా మీదికి రాకుండా ఆయన తన మీదేసుకున్నాడు. రాసింది నాను. తిట్టాలంటే నన్ను తిట్టు."

ఆ నిమిషంలో నేను ఇక కూర్చోలేకపోయాను. చదువులేని ఇద్దరు మనుషులు, ఒకరి తర్వాత ఒకరు, ఈ పిల్ల ముందుకి నడిచొచ్చి తమ తప్పు తాము చెప్పుకున్నారు. ముప్పై మూడేళ్ళు సేఫ్టీ మీటింగుల్లో ఉపన్యాసాలిచ్చినవాణ్ణి నేను. సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది.

"అమ్మా, కొండ మీద నువ్వు బ్రేకు మెత్తగా ఉందన్నావు. పద పద అన్నది నేను. ఆ తర్వాత నువ్వు బెదిరిపోయావని నలుగురికీ చెప్పింది కూడా నేనే" అన్నాను.

"గుర్తుందంకుల్. మీరెప్పుడు చెబుతారా అని చూస్తున్నాను" అంది.

నాలుగు చీవాట్లు పెట్టినా హాయిగా ఉండేది. ఆమె సీతాలు చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది. మెల్లగా అడిగింది.

"అంత సైకిలుంది కదండీ. రాడ్డు ఉంది, హ్యాండిల్ ఉంది. పోయి పోయి ఆ డిస్కుకే ఎందుకు రాశారు?"

సీతాలు తల వంచుకుంది. "మా పడవకి ముక్కు కాడ రాత్తామమ్మా. నీళ్ళని ముందు సూసేది అదే గదా, అదే దాని మొకం. సైకిలికి మొకం ఎక్కడుంతాదో నాకు తెల్దు. అంతట్లోకీ అదొక్కటే తళతళ మెరుత్తంటే, అదే దాని మొకమనుకున్నాను. పాపని బాగా సూసుకోయే అని దానికి సెప్పి మరీ రాసినాను."

ఆశాజ్యోతి లేచి దేవుడి గదిలోకి వెళ్ళి కుంకుమ భరిణె తెచ్చింది. బాల్కనీలోకి రమ్మంది. సీతాలు భరిణె చూసి వెనక్కి తగ్గింది. "ఒద్దమ్మా. నా సెయ్యి ఒద్దు. నా సెయ్యి మంచిది కాదు" అంది. ఆశాజ్యోతి ఆమె మణికట్టు పట్టుకుంది. హ్యాండిల్ కింద, ముందు చక్రానికి పైన, నిలువుగా ఉండే పొట్టి గొట్టం దగ్గరికి ఆ చేతిని తీసుకెళ్ళింది.

"ఇదండీ దీని మొహం. ఇక్కడ పెట్టండి. ఎంత పెద్దది పెట్టినా ఏమీ కాదు."

సీతాలు గబుక్కున పెట్టేసింది. బొట్టు కొంచెం పక్కకి పోయింది. చెంగుతో తుడిచి సరిచేయబోతే ఆశాజ్యోతి వద్దంది. సీతాలు కళ్ళు తుడుచుకుని, "మా ఆయనకి సెప్పనా అమ్మా, నువ్వు పెట్టనిచ్చేవని?" అని అడిగింది.

"చెప్పకండి. ఆదివారం నేనే తొక్కుకుంటూ షాపుకొస్తాను. ఆయనే చూస్తారు."